బోణీకి వచ్చిన సీసపు డబ్బా

అఫ్జల్‌గంజ్ వెనక సందులో మాది పాత ఇత్తడి, రాగి, సీసం కొనే దుకాణం. మా బాపుకు రెండే నియమాలు: బోణీ సరుకును వెనక్కి పంపకూడదు, సుత్తితో కొట్టి చూడనిదే ఏ లోహాన్నీ నమ్మకూడదు.

ఆ మధ్య సర్కారువాళ్లు తుక్కు వ్యాపారులందరినీ పిలిచి ఒక పూట శిక్షణ పెట్టారు. దవాఖానల్లో, ఫ్యాక్టరీల్లో వాడే అణుపదార్థాలు దారి తప్పితే ముందు చేరేది మా దుకాణాలకేనట. అందుకే దేశమంతా ఇట్లా నేర్పుతున్నారట. మూడు రెక్కల గుర్తు కనబడితే కొట్టొద్దు, కోయొద్దు, దూరం జరిగి ఫోన్ చేయండన్నారు. నిజం చెప్పాలంటే నేను పోయింది బిర్యానీ కోసం. వాళ్లిచ్చిన పోస్టర్‌ను తెచ్చి కాంటా కింద పరిచాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున, షట్టర్ ఎత్తగానే, మూతబడిన ఏదో క్లినిక్ సామాను ఆటోలోంచి దిగింది. ఇనుప మంచాల మధ్య ఒక డబ్బా. చెంబంతే ఉంది గానీ బాపు రెండు చేతులా ఎత్తాల్సి వచ్చింది.

"మస్తు సీసం ఉన్నది బిడ్డా" అంటూ ఉలి, సుత్తి తీశాడు. మూత మీద తుప్పు కింద పసుపు రంగు. అందులో నల్లటి రెక్క ఒకటి.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా నలభై ఏళ్లలో బాపు చెయ్యి ఆపడం అదే మొదలు.

"బోణీకాడ గిట్ల అడ్డమొస్తవేందిరా?"

"సరుకు వాపస్ పంపను బాపూ. నువ్వు బయటికి నడువు."

ఆయన కదల్లేదు. నాకు కోపం వచ్చింది, కోపం కన్నా ఎక్కువ భయం. భుజం పట్టి సడక్ మీదికి లాగి, షట్టర్ దించి, శిక్షణలో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఎదురుగా చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నాం.

"క్యా భాయ్, అందర్ భూత్ హై?" అని, లోపల దయ్యముందా అన్నట్టు పక్క దుకాణం సేఠ్ నవ్వాడు. బాపు చాయ్ ముట్టలేదు. అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

మీటర్లు పట్టుకుని వచ్చినవాళ్లు చాలాసేపు లోపలే ఉన్నారు. డబ్బాలో అణుపదార్థం ఉందట. మూత పగలలేదు గనక మాకేం కాదట. ఒక్క సుత్తిదెబ్బ పడి ఉంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదన్నాడు వాళ్ల పెద్దాయన.

"గీ చేతులతోనే ఎత్తిన సాబ్. ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది. ఎత్తుకోవచ్చునా?" బాపు రెండుసార్లు అడిగాడు.

"ఏం ఫికర్ లేదు" అని ఆయనా రెండుసార్లు చెప్పాడు.

పోస్టర్ దులిపి గోడకు అంటించాను. కానీ ఆ సాయంత్రం మొఘల్‌పురాలోని మా ఇంట్లో నా బిడ్డ "తాతా" అని ఉరికొస్తే బాపు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మూడు రోజులు అదే తీరు. నాలుగో రోజు పిల్లే ఆయన ఒళ్లోకెక్కి, దాచిన చేతిని బయటికి లాగి, తన పెరుగన్నం గిన్నెలో పెట్టింది. బాపు కాసేపు నా వైపు చూసి, ముద్ద కలిపాడు.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.