రోట్లో పడ్డ రిపోర్టులు

కాగితం పారేయడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్ళు మా ఉద్దానంలో నెల్లాళ్ళు కాపురం చేసి చూడాలి. నేను చేశాను. నానా తిప్పలూ పడ్డాను. చివరికి గెలిచాను కూడా. గెలిచినప్పుడు కాస్త గొప్ప చెప్పుకుంటే తప్పు లేదు.

మాది కవిటి దగ్గర కొబ్బరితోటల మధ్య ఊరు. మా ఆయనకి కిడ్నీ జబ్బు మొదట్లోనే బయటపడింది. ఈ వైపు ఇంటికొకరికి ఉన్న జబ్బే, ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మా మామగారు దాంతోనే పోయారు. అందుకే మా ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "మా అమ్మకి తెలీకూడదు. తెలిస్తే అన్నం మానేత్తాది."

మాత్రల సంగతి సులువే, బీపీకి అని చెప్పి మింగేస్తాడు. ఆస్పత్రికని పలాస వెళ్ళే రోజున, కొబ్బరికాయల లోడు ఉందంటాడు. చిక్కల్లా కాగితాలతోనే వచ్చింది. నెల తిరిగేసరికి రక్తం రిపోర్టు, మందుల చీటీ, ఇంకేవో. చివరి రెండు రిపోర్టులు ఉంచుకుంటే చాలని డాక్టరు చెప్పాడు. అవి మా ఆయన బండి సీటు కింద దాచుకుంటాడు. మరి మిగతావి? మా అత్త శుక్రవారం శుక్రవారం ట్రంకుపెట్టె అడుగుదాకా దులిపే మనిషి. చదువు రాదు గానీ, మామగారి కాగితాలు ఏళ్ళ తరబడి మోసింది కాబట్టి అలాంటి కాగితం ఆమడ దూరం నుంచే పోల్చేస్తుంది. అది ఆవిడ కంట పడిందా, మా ఆయన దాచిందంతా గంగపాలు.

పంచాయతీ వాళ్ళు రెండు డబ్బాలిచ్చారు, తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి. బుద్ధిమంతురాలిలా రిపోర్టుల్ని నాలుగేసి ముక్కలు చేసి పొడి డబ్బాలో అడుక్కి తోశాను. చెత్తబండి ఆవిడ మహా పనిమంతురాలు. మా గుమ్మం ముందే డబ్బా బోర్లించి, ఒక్కొక్కటీ ఏరి, "వదినా, ఇదేటి, ఆస్పత్రి కాయితంనాగుంది. ఎవురికేటయింది?" అని వీధంతా వినేలా అడిగింది. అరుగు మీద కూర్చున్న అత్త తల తిప్పింది.

"పకోడీలు కట్టిన కాయితమమ్మా!" అని ముక్కలన్నీ లాక్కుని కొంగులో మూటగట్టుకున్నాను.

పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగుతుంటే సరే, ఇందులో పడేద్దాం అనుకున్నాను. ముక్కలు గుప్పిట్లో ఉండబట్టి ఏ కాగితమో పోల్చలేదు గానీ, అత్త ఎక్కణ్ణుంచి చూసిందో! "ఓలమ్మో, అచ్చరాలున్న కాయితం పొయ్యిలో ఎడతావేటే? సదువుల తల్లి కాదేటి అది? తియ్యి!" బడి మొహం చూడని మనిషికి చదువుల తల్లి మీద అంత భక్తేమిటో. కాగితం మండలేదు గానీ నా ఒళ్ళు మండింది.

ఇలా కాదని, ఇంకా చించని రిపోర్టులు కొన్ని పాత పేపర్ల కట్ట మధ్యలో దూర్చి పాతసామాన్ల వాడికి వేసేశాను. పది రోజులు హాయిగా ఉన్నాను. ఆ తర్వాత ఒకరోజు మా ఆయన కవిటి సెంటర్లో బజ్జీలు కొనుక్కుని, రెండు తిని, మూడోదాని కింద తన పేరే చూసుకున్నాడు. పేరు, వయసు, దాని పక్కన కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ అంకె. మా వైపు పిల్లల మార్కులు తెలియని వాళ్ళుంటారు గానీ ఆ అంకె అర్థం తెలియని వాళ్ళుండరు. ఆ పొట్లం అలాగే జేబులో కుక్కుకుని ఇంటికొచ్చాడు.

"ఒక కాయితం పారీడం రాదేటి నీకు?"

"నీకొస్తే నువ్వే పారీ బావా!"

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఒక మనిషి జబ్బుని దాచుకోవడానికి ఇంత ఊళ్ళో అరచేతంత చోటు లేకపోయిందా అనిపించింది.

ఆ వారంలోనే అత్త కొత్త చేటలు రెండు తెప్పించింది. వెదురు సందుల్లోంచి నూకలు రాలిపోకుండా, కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి, రోట్లో మెత్తగా దంచి ఆ గుజ్జు చేటకి పట్టిస్తాం. "కాయితాలుంటే నానెట్టే" అంది అత్త. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కాలిస్తే తప్పు, పారేస్తే ముప్పు, దంచితే మాత్రం ఎవరూ ఏమీ అనరు! ఆ బజ్జీల కాగితంతో సహా ఇంట్లో మిగిలిన రిపోర్టులన్నీ చించి, బాల్చీలో అడుగున వేసి, పైన పేపర్లు కప్పి రెండు రోజులు నానబెట్టాను. చిన్నప్పుడు నోటుపుస్తకం తడిస్తే అక్షరాలు కారిపోయేవి. ఇవీ అంతే అనుకున్నాను. కంప్యూటరు అచ్చు నీళ్ళకి కరగదని నాకేం తెలుసు?

అత్త దంచుతోంది, నేను ముద్దలు అందిస్తున్నాను. ఎవరికి తెలియకూడదో ఆవిడ చేతే దంపిస్తున్నానన్న సంబరంలో నవ్వు ఆపుకోలేకపోతున్నాను. అంతలో రోకలి ఆగింది. ముద్దలోంచి ఒక ముక్క లాగి, అరచేతిలో పరిచి బొటనవేలితో తుడిచింది. అంకె హద్దు దాటితే ల్యాబు వాళ్ళు ఆ ఒక్క వరసా లావు అక్షరాల్లో కొడతారు, చదువు రాకపోయినా మామగారి కాగితాల్లో అత్త ఆ గుర్తు నేర్చుకుంది. ఆ వరస చెక్కు చెదరకుండా ఉంది. అత్త నా మొహం చూసింది. నా మొహం అంతా చెప్పేసింది.

"ఆడికేనా?" అంది.

"ఇది పాతదత్తా. ఇప్పుడు తగ్గింది."

"సూపించు."

అప్పుడే అన్నానికని మా ఆయన బండి దిగాడు. నేను పరుగున వెళ్ళి, బండి సీటెత్తి, ఆయన "ఏయ్, ఏయ్" అంటున్నా వినకుండా కొత్త రిపోర్టు తీసి అత్త చేతిలో పెట్టాను. ఆవిడ వేలు పై నుంచి కిందికి ఒక్కో వరసే దిగింది. ఎక్కడా లావు అక్షరం లేదు. మళ్ళీ పై నుంచి చూసుకొచ్చింది.

"అన్నీ సన్నంగే ఉన్నాయి" అంది. కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "నా కాడ దాసినావేటిరా? మీ అయ్యవి మోసిన సేతులివి. నీయి మొయ్యలేననుకున్నావేటి?"

అత్త రోకలి ఆయన చేతికిచ్చింది.

"దంసు."

మా ఆయన తన పాత రిపోర్టులు తనే దంచాడు. అత్త ఆ గుజ్జు తీసి చేటకి మెత్తింది. బాల్చీ ఖాళీ అయ్యేదాకా ముగ్గురిలో ఒక్కరమూ అన్నానికి లేవలేదు.