మనిషి వెంట పోతుందా, సాంచా మీదే ఉంటుందా

మొన్న మా బిడ్డ, సెల్లుకు చార్జింగ్ ఎక్కడం లేదని కొత్తది కొనడానికి తయారైతే, ముందు నీ చార్జరు నా సెల్లుకు, నాది నీ సెల్లుకు పెట్టి చూడమన్నాను. అది నవ్వుకుంటూ ఆ పనిలో పడింది గాని, నా మనసు సిరిసిల్లలో సాంచాల చప్పుడులోకి, మా నాన్న, బాపు దగ్గరికి వెళ్లిపోయింది.

మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. బాపు, ఆయన తమ్ముడు మా కాక, నేను ఒకే ఆసామి, అంటే సాంచాల యజమాని, షెడ్డులో నేసేవాళ్లం. బాపుకు కళ్లద్దాలు వచ్చిన ఎండాకాలంలోనే ఆయన సాంచా మీద పోగులు పదేపదే తెగడం మొదలై, బట్ట నిండా లోపాలు పడసాగాయి. రెండూ కలిసి రావడంతో కారణం బాపు చూపేనని అందరూ తేల్చేశారు. వరసకు బావమరిది అయ్యే ఆసామి ఊరుకుంటాడా!

"బావా, ముసలెద్దుకు అద్దాలు పెడితె దున్నుతదా? ఇగ సాంచా ఇడిసి కండెలు సుట్టుకోరాదు!"

చిన్నప్పటి నుంచీ నేసిన మనిషిని దారం చుట్టే పనికి దింపడమంటే ఏమిటో ఆ వాడల్లో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. బడి మధ్యలో మానేసినా పాత సైన్సు పుస్తకాలు వదలనివాణ్ని కాబట్టి, వెంట వచ్చినదల్లా కారణం కాదనీ, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలనీ నాకు తెలుసు. దారం అదే ఉంచి బాపునూ కాకనూ సాంచాలు మార్చుకోమన్నాను. తీరా అన్నాక భయం పట్టుకుంది: తెగడం బాపు వెంటే పోతే, ఆయన్ను దింపింది నేనే అవుతాను. ఆ సంగతి చాటుగా చెప్తే బాపు అద్దాలు తుడుచుకుంటూ, "నా కండ్లే పోయినయంటే, అదన్న తెలుస్తది గద బిడ్డా" అన్నాడు.

మర్నాడు కాక చేతుల్లో పోగులు తెగాయి, బాపు బట్ట నున్నగా దిగింది. "అన్నా, నాక్కూడ అద్దాలు తేరాదే!" అని కాక అరిచాడు. ఒక్కసారిది కాకతాళీయం కావచ్చని మళ్లీ మార్పించాను; తెగడం మాత్రం ఆ సాంచాను వదల్లేదు. అప్పుడు బాపు దాని నాడె తీసి, కళ్లు మూసుకుని అంచు వెంట వేలు నడిపి, ఎవరి కంటికీ ఆనని సన్నటి చీలిక పట్టుకున్నాడు. పోగుల మధ్య అటూ ఇటూ ఉరుకుతూ దారాన్ని కోస్తున్నది అదే. నాడె మార్చాక తెగడం ఆగింది, బాపు ఆ అద్దాలతోనే ఏళ్ల తరబడి నేశాడు.

ఆ షెడ్డుకు ఇప్పుడు తాళం. ఆ ఉపాయం నేను ఎంతమందికో నేర్పాను, అందరికీ ఇట్టే అర్థమవుతుంది కూడా. అయితే పక్కవాడి తప్పు తేల్చడానికే దాన్ని అడుగుతున్నారు. తన మీద పడ్డ మాటను తానే పరీక్షకు పెట్టి, ఏది తేలినా సరేనని ముందే కూర్చునే మనిషి బాపు తర్వాత నాకు కనబడలేదు.