యాడే రోజమ్మా

మా అత్త పోయిందన్న కబురు ఆ రోజు చుట్టాలందరికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. పొద్దున కాఫీ తాగి, గ్లాసు మంచం కింద పెట్టి, గోడవైపు తిరిగి ఒరిగింది. మళ్ళీ లేవలేదు. రొంపిచెర్లకు చెప్పాను, క్రోసూరుకు చెప్పాను, ఎడ్లపాడులో ఉన్న మా ఆడపడుచుకు చెప్పాను. ఎట్లా చెప్పాలో తెలియనిది మా ఇంట్లో ఉన్న ఒక్కదానికే. దాని ఊసెత్తకుండా మా అత్తను తలుచుకోవడం నా వల్ల కాదు, మీరేమీ అనుకోవద్దు. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి ఎన్నిసార్లు లేచానో, అదీ దాని మూలానే.

దాని పేరు రోజీ. మా ఆయన నరసరావుపేటలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని చేస్తాడు. హైదరాబాదులో తెలిసినాయన ఎవరో ఫ్లాట్‌లో పెంచలేక వదిలించుకుంటుంటే, ముద్దుగా ఉందని ఎత్తుకొచ్చాడు. వేలాడే చెవులు, బెల్లం రంగు బొచ్చు. కాకర్ స్పానియల్ జాతి కుక్క అన్నాడు. "కాకరేందిరా, కాయా, తీగా?" అంది మా అత్త. పొదల్లో పిట్టల్ని లేపడానికని పెంచే వేటజాతి అని మాకు తర్వాత గానీ తెలియలేదు.

అమ్మో, అది కుక్కా సుడిగాలా! నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. లేసు ముక్కలు, దారపు రీళ్ళు, కొలతల టేపు, అన్నీ దాని నోట్లోనే. గేటు సందు దొరికితే వీధి చివర తేలేది. వచ్చిన వాళ్ళ భుజాల మీదికి ఎగిరేది. మా అమ్మాయి ఫోన్లో వీడియోలు చూసి "సిట్, స్టే" అని గొంతు చించుకునేది. రోజీ చక్కగా కూర్చునేది, బిస్కెట్ తినేది, లేచి పరదా పీకేది. ఒక పెళ్ళికూతురి జాకెట్టు చెయ్యి నమిలేసిన రోజు నాకు తిక్క రేగింది. "ఇది ఉంటే నేనుండను," అనేశాను. మా ఆయన క్రోసూరులో ఎవరిదో తోటకు పంపడానికి మాట్లాడి వచ్చాడు.

అడ్డం పడింది మా అత్త. "దానికి పొగరు కాదమ్మాయ్, పని లేదు. నన్ను తెచ్చి ఈడ కూర్చోబెట్టినప్పుడు నాకెట్టుండిందో దానికీ అట్టనే ఉంది," అంది.

ఆమె అన్నది నిజమే. మిరప చేలల్లో నడుం వంచి బతికిన మనిషిని, మోకాళ్ళు అరిగాయని టౌనుకు తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. కూర్చుంటేగా! ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడ్చేది. నా హుక్కులన్నీ గుమ్మరించి ఏరేది. మధ్యాహ్నం నిద్రపోమంటే, "నిద్ర నాకు బాకీ లేదులే," అనేది.

ఆమె పెట్టిన బడి మా డాబా మీద. బొడ్లో దోపుకునే వక్కల తిత్తి ఒకటి ఉండేది ఆమెకు, నేను జాకెట్టు ముక్కలతో కుట్టిచ్చిందే. అందులో వక్కలు తీసేసి, ఖాళీ తిత్తి దానికి వాసన చూపించి, ముందు దాన్ని కూర్చోబెట్టేది. అది కుదురుగా కూర్చునేదాకా ఆమె కదిలేది కాదు. అరిచేది కాదు కూడా. తర్వాత వెళ్ళి బకెట్ వెనకో, ఆరేసిన దుప్పటి కిందో తిత్తి దాచి వచ్చి, "యాడే రోజమ్మా? యాడే?" అనేది. అంతే, ముక్కు నేలకానించి, ఆ పొట్టి తోక ఊపుకుంటూ మూలమూలా గాలించేది. తెచ్చి చేతిలో పెడితే, "దొరికిందిలే," అని ఉడికిన గుడ్డు ముక్క నోట్లో పెట్టేది. కాసేపు అట్లా వెతికిస్తే చాలు, దిగివచ్చి ఆమె మంచం కింద ఒళ్ళు తెలియకుండా పడుకునేది. ఊరంతా పరుగెత్తించినా అలవని కుక్క, ముక్కుతో పని చేస్తే అలిసిపోయింది.

ఒకసారి అది ఎంతకీ దొరక్క కుయ్ కుయ్‌మంటుంటే, తమాషాగా ఉందని నేను నవ్వాను. మా అత్తకు కోపం వచ్చింది. "దొరకని చోట పెట్టి ఎతికించమాక అమ్మాయ్. దొరక్కపోతే దానికి పని మీద నమ్మకం పోద్ది," అంటూ మోకాళ్ళు పట్టుకుని లేచి, తిత్తిని దాని ముక్కు దగ్గరికి జరిపి వచ్చింది.

ఆదివారాలు రొంపిచెర్ల వైపు మా చేనికి తీసుకుపోయేవాళ్ళం. పత్తి పీకేసిన చేలో మా అత్త దానికి పొడుగాటి మోకు కట్టి వదిలేది. కముజు పిట్టలు బుర్రుమని లేస్తే ఇది వాటి వెంట పడేది. మేము గట్టు మీద నిలబడి రోజీ రోజీ అని కేకలు. మా అత్త మాత్రం మోకు కొస పట్టుకుని వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టేది. "పిలిస్తే రాదు. మనం పోతుంటే అదే వస్తది," అనేది. వచ్చేది కూడా. కొన్నాళ్ళకు మోకు అక్కర్లేకుండా పోయింది.

ఒక్క చిక్కు ఏమిటంటే, ఆమె ఎంచుకున్న మాట. మా పల్నాడులో ఆ మాట అనకుండా పూట గడుస్తుందా? "నా బండి తాళాలు యాడ?" అని మా ఆయన అరిచేవాడు. రోజీ టక్కున కూర్చుని, లేచి, ఇల్లంతా గాలించి తిత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టేది. ఆఫీసుకు టైమవుతుంటే చేతిలో వక్కల తిత్తి! "అత్తా, సెర్చ్ అని నేర్పకూడదా?" అన్నాను. "నా నోరు తిరిగే మాటే నేర్పుతా. మీరే మార్చుకోండి," అంది. మార్చుకున్నాం. టీవీలో వార్తలు చదివే అమ్మాయిలాగా మేమంతా "ఎక్కడ, ఎక్కడ" అనడం మొదలుపెట్టాం. 'యాడ' మా అత్తకూ రోజీకీ మిగిలింది.

ఆమె పోయిన రోజు ఆ మాట మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. గేటు దగ్గర నుంచే, "అక్కా, యాడికి పోయావే, యాడున్నావే," అంటూ గుండెలు బాదుకుంటూ వచ్చారు ఊళ్ళ నుంచి చుట్టాలు. ఎవరు ఆ మాట అన్నా రోజీ నేర్పినట్టే కుదురుగా కూర్చునేది. తర్వాత లేచి జనం కాళ్ళ సందుల్లోంచి వెతికేది. మంచం కింద, దొడ్లో, డాబా మీద. ఆమెను పడుకోబెట్టిన ఐసు పెట్టె దగ్గరికి వచ్చి అద్దానికి ముక్కు ఆనించి, మా మొహాల వంక చూసేది. దొరికిందిలే అని ఎవరమూ అనలేకపోయాం. అది మళ్ళీ మొదలుపెట్టేది. తిత్తి ఆమె బొడ్లోనే ఉంచి పంపించాం. అది లేకుండా ఆమె ఏనాడూ గడప దాటలేదు మరి.

పెద్దకర్మ అయిపోయినా రోజీ ఆగలేదు. తిండి మానేసింది, పడుకున్నది పడుకున్నట్టే లేచి తిరగడం. దాని గోళ్ళ చప్పుడుకు నాకూ కాలు నిలవలేదు. కుట్టు మిషన్ ముందు కూర్చుంటాను, లేస్తాను, ఎందుకు లేచానో తెలియదు. "వదినా, దాన్ని ఆ తోటకే పంపియ్యండి. ఇట్ట తిరిగి తిరిగి చచ్చేట్టుంది," అంది మా ఆడపడుచు. మా ఆయన ఫోన్ తీసి క్రోసూరు నంబరు వెతుకుతున్నాడు.

"ఆగు," అన్నాను. తిత్తిని ఆమెతోనే పంపేసి, దొరకని దాన్ని దాని చేత వెతికిస్తున్నది మేమే కదా.

ఉతక్కుండా దాచుకున్న ఆమె చీర తీసి కొంగు కత్తిరించాను. పాత కొలతకే తిత్తి కుట్టి, ఆమె డబ్బాలో మిగిలిన వక్కలు పోసి ఒక రోజు ఉంచాను. వక్కలు తీసేసి, రోజీని కూర్చోబెట్టి, ఆమె మంచం మీద దిండు కింద పెట్టాను.

"యాడే రోజమ్మా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

దానికి తిత్తి దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. తిత్తి నోట కరుచుకుని, చెయ్యి చాపినా నా దగ్గరికి రాలేదు. మంచం పక్కన, మా అత్త కూర్చునే అంచు దగ్గర నిలబడింది. ఎంత పిలిచినా కదల్లేదు. నేనే వెళ్ళి ఆ అంచున కూర్చుని, ఆమె పట్టినట్టే దోసిలి పట్టాను. అప్పుడు వదిలింది. తడితడిగా, వక్క వాసనతో.

"దొరికిందిలే," అన్నాను. అబద్ధం అత్తా, నాకేం దొరకలేదు. గుడ్డు ముక్క తిని రోజీ నీ మంచం కిందికి దూరింది, నిద్రపోయింది. నిద్రలో దాని కాళ్ళు మాత్రం ఏదో చేలో పరుగెత్తుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి.