పదకొండు రోజుల మౌనం

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కల సార్ జోగారావు గారి క్లాసులో ఫ్యాను కూడా అనుమతి లేకుండా చప్పుడు చెయ్యదు. సుద్దముక్క విరిచి బోర్డువైపు తిరిగేలోపు మూడుసార్లు "సంధ్యారాణీ, నోరు!" అనడం ఆయన నిత్యకృత్యం. "సార్, మూడో లైన్ల మైనస్ పోయింది" అని రోజూ అరిచేదీ ఆ నోరే. చివరికి ఆ పిల్ల తల్లి అండాలమ్మను పిలిపించి, "ఈ నోరు మూతపడితేనే సీటొస్తుందండీ" అని తీర్పు చెప్పారు. ఆవిడ నేరుగా కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్లి, కూతురు పదకొండు రోజులు మౌనంగా ఉంటుందని మొక్కుకుంది.

మూడో రోజు జోగారావు గారికి లెక్క తేలలేదు. తుడిచారు, మళ్లీ చేశారు, గడియారం చూశారు, మళ్లీ తుడిచారు. అరవైమంది ఆ తప్పును శ్రద్ధగా నోటుబుక్కుల్లోకి ఎక్కిస్తున్నారు. సంధ్యారాణి మాత్రం పెదవులు బిగబట్టి బెంచీ మీద మెలికలు తిరుగుతోంది. "ఎక్కడే తల్లీ తప్పు?" అన్నారాయన, గొంతు తగ్గించి. ఆమె వేలు ఎత్తబోతే పక్కపిల్ల పట్టుకుంది. "సైగ గూడ చెయ్యొద్దంట సార్, వాళ్లమ్మ మొక్కింది."

సాయంత్రం ఆయన గుడికి వెళ్లి పూజారిని అడిగారు: "మిగతా ఎనిమిది రోజులు ఆ పిల్ల బదులు నేను నోరు మూసుకుంటే మొక్కు చెల్లుతుందా?"

"చెల్లుతది సార్. మరి పాఠమెవరు చెప్తరు?"

"దానికేముందండీ," అన్నారు జోగారావు గారు, "ఆ పిల్ల ఉందిగా."