ఇంట్రో అయ్యేదాకా ఆగిన ఇంటర్వ్యూ

ఇప్పుడంటే ఎవరైనా మీ పనేమిటని అడిగితే, ఫోన్లో పాఠాలు తయారుచేసి జనానికి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పిస్తానని బుద్ధిగా చెబుతాను. ఆ రోజుల్లో అలా చెప్పేవాణ్ణి కాదు. సంగీతానికీ కంప్యూటరుకీ పెళ్లి చేసి ఇంగ్లీషు భాషకు కొత్త దారి చూపించబోతున్నానని చెప్పేవాణ్ణి. అదీ అడిగినవాళ్లకు కాదు, అనకాపల్లి బస్టాండులో నా పక్కన నిలబడ్డ పాపానికి దొరికిపోయినవాళ్లకు. ఆ రోజులంటే మరీ తాతల కాలం కాదు లెండి. ఫోన్లో డేటా అప్పుడప్పుడే చవకైంది. నాకు ఇరవై నాలుగేళ్లు, చేతిలో కంప్యూటర్ డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించడానికి తప్ప నన్నెవరూ ఏ పనికీ పిలిచేవారు కాదు.

ఆ చర్చి పాటల బృందానికి మా నాన్నే పెద్ద. ఇంట్లో ఎంత మెత్తని మనిషో అక్కడ అంత గట్టి మనిషి. ఆయనది ఒకటే నియమం. పాటకు ముందు కీబోర్డు మీద వచ్చే ఇంట్రో ఎనిమిది లెక్కలూ పూర్తవ్వాలి, అప్పుడే నోరు తెరవాలి. మధ్యలో ఎవరు అడ్డొచ్చినా మళ్లీ మొదటి లెక్క నుంచే. ఒకసారి ఒక పెళ్లిలో పెళ్లికూతురి మేనమామ ఉత్సాహం పట్టలేక ఆరో లెక్కలోనే పాట అందుకున్నాడు. నాన్న చెయ్యెత్తి అందరినీ ఆపేసి, పెళ్లికొడుకు దండ పట్టుకుని నిలబడి ఉండగానే మళ్లీ మొదలుపెట్టించారు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను ఇంగ్లీషు పాఠాలు కడితే ఎలా ఉంటాయి? ముందు నా గొంతులో ఒక ప్రశ్న, తర్వాత ఎనిమిది లెక్కల ఇంట్రో, ఆ తర్వాత తాళానికి సరిపడా జవాబు. మా అమ్మ చీరల బీరువాలో తల దూర్చి రికార్డు చేసేవాణ్ణి (వీధి చప్పుడు పడకుండా ఉండే చోటు మా ఇంట్లో అదొక్కటే). కలరా ఉండల వాసనకు పాఠానికో తుమ్ము పడేది. దాన్ని తీసేయడం అప్పటికి నాకు చేతకాలేదు.

ఒక టైలరు షాపు మీద గది తీసుకుని బోర్డు కట్టాను. అలా వచ్చిన మొదటి మనిషి మా చేపల పెద్దమ్మ. బంధుత్వమేమీ లేదు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి పొద్దున్నే ఆటోలో గంపతో వచ్చి మా వీధిలో చేపలు అమ్మేది, చిన్నప్పటి నుంచీ నాకు పెద్దమ్మే. ఆమె కూతురు నర్సు చదువు పూర్తి చేసింది. చదువులో చేరిన రోజు నుంచే మా వీధంతా ఆ పిల్లని సిస్టరమ్మ అనేది. పని బాగా వచ్చు, పుస్తకంలో ఇంగ్లీషు గడగడా చదువుతుంది, కానీ ఎదురుగా ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే చాలు గొంతు పట్టేస్తుంది. అప్పటికి ఒక ఇంటర్వ్యూకి వెళ్లి ఒక్క ముక్కా మాట్లాడకుండా ఏడుస్తూ తిరిగొచ్చింది. విశాఖపట్నంలో ఇంకో ఆసుపత్రి వాళ్లు పిలిచారు. అదీ పోతే ఇంక ఎక్కడికీ వెళ్లను, నీతోపాటు గంప ఎత్తుకుంటానని తల్లితో అనేసిందట. పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. "మా పిల్ల సూదికి బయపడదు, నెత్తురుకి బయపడదు బాబూ. ఇంగ్లీసుకి బయపడతాది. నా మెడ సూడు, గంప మోసి మోసి ఎలాగైపోయిందో. దానికి ఈ మెడ వద్దు" అంది.

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. బీరువాలో దూరిపోయి వరసగా ఇరవై నాలుగు పాఠాలు కట్టి వాట్సాప్‌లో పంపాను. సిస్టరమ్మ వాటిని ఇంట్లో పొద్దస్తమానం స్పీకరు మీద పెట్టుకుని వినేది. మంత్రం వేసినట్టు పనిచేశాయి. ఇంట్రో నడుస్తుంటే కాలి బొటనవేలితో లెక్క వేసుకుని, ఎనిమిది అవగానే, భయమన్నది ఎరగని మనిషిలా జవాబు చెప్పేది. నేను గాల్లో తేలిపోయాను. రోజూ మా నాన్నకు చెప్పి చెప్పి విసిగించాను కూడా. కీబోర్డు తీసేసి అడిగి చూద్దామన్న ఆలోచన మాత్రం నా డిగ్రీ బుర్రకు తట్టలేదు.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో అన్నారు. వాళ్ల ఊళ్లో వీడియోకి సరిపడా సిగ్నలు రాదని నా గదిలోనే ఏర్పాటు చేశాను. సిస్టరమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను తలుపు దగ్గర, పెద్దమ్మ కెమెరాకు కనపడకుండా గోడ వారన గంప పక్కన. తెర మీద కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ ప్రత్యక్షమై పలకరించి, "టెల్ మీ ఎబౌట్ యువర్‌సెల్ఫ్" అంది. నా మొదటి పాఠం మొదటి ప్రశ్న! నేను పిడికిలి బిగించాను. సిస్టరమ్మ చిరునవ్వుతో ఆవిడ వైపు చూస్తూ కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. బల్ల కింద బొటనవేలు ఆడుతోంది. ఒకటి, రెండు, మూడు... (ఇంట్రో హుందాగా ఉండాలని నేను బాగా నిదానంగా పెట్టాను, దేవుడు నన్ను క్షమించుగాక). ఆరో లెక్కకు ఆవిడ, "హలో, కెన్ యూ హియర్ మీ?" అంది. అది కొత్త ప్రశ్న. బొటనవేలు ఒక క్షణం ఆగి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఐదో లెక్కకు ఆవిడ మళ్లీ హలో అంది. బొటనవేలు మళ్లీ మొదటికొచ్చింది. అలా నాలుగుసార్లయ్యాక ఆవిడ పక్కవాళ్లతో ఏదో అని కాల్ కట్ చేసేసింది. అరగంటలో మళ్లీ చేస్తాం, నెట్‌వర్క్ చూసుకోండి, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని మెసేజ్ పెట్టారు.

సిస్టరమ్మకు ఏం జరిగిందో కూడా తెలియలేదు. "ఇంట్రో అవ్వకుండా నోరు తెరవొద్దన్నారు కదా మాస్టారూ. ఆవిడే మజ్జిలో మాటాడేసేరు. నేను మళ్లీ మొదట్నించి లెక్కెట్టేను" అంది. ఇంట్రో లేదనుకుని మాట్లాడమన్నాను. ప్రయత్నించింది, "ఐ యామ్" దగ్గరే ఆగిపోయింది. నేను ఆ కంగారులో కెమెరాకు కనపడకుండా బల్ల కింద కూర్చుని కీబోర్డు వాయిస్తానన్నాను (నిజంగా అన్నాను, ప్లగ్గు కూడా పెట్టాను).

గోడ వారనున్న పెద్దమ్మ లేచింది. ప్లగ్గు పీకేసింది. గంప తెచ్చి కూతురి ముందు పెట్టి, దానికి అటువైపు గొంతుక్కూర్చుంది. "బేరానికొచ్చినోడు చందువా సేప ఎలాగని అడిగితే పాటయ్యేదాకా ఆగుతావేటే? ఆగితే పక్క గంపకెల్లిపోతాడు. ఊ, సెప్పు" అని మొదలుపెట్టింది. "టెల్లమీ బౌటూ ఎర్సెలపు." నేను నోరు వెళ్లబెట్టాను. చేపలు ఎండబెట్టుకుంటూ, వల చిక్కులు తీసుకుంటూ నా ఇరవై నాలుగు పాఠాల్లో ప్రశ్నలన్నీ ఆమె చెవిన పడిపోయాయి. ఒక్క మాటకు అర్థం తెలియదు, ఒక్క ప్రశ్న మర్చిపోలేదు. పైగా నేను పేర్చిన వరసలో కాదు, పదిమంది ఒకేసారి గంప మీద పడి అడిగినట్టు ముందుదీ వెనకదీ కలిపి అడిగేస్తోంది. సిస్టరమ్మ మొదట బిక్కమొహం వేసింది. తర్వాత విసుగొచ్చింది. ఆ విసుగులో, చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని బేరగాళ్లకు జవాబిచ్చిన తీరులో, ఇంగ్లీషు టకటకా వచ్చేసింది. తల్లి గొంతు పెంచితే కూతురూ పెంచింది. కింద టైలరు మిషను ఆపి, పైన ఎవరో ఇంగ్లీషులో దెబ్బలాడుకుంటున్నారని చూడటానికి వచ్చాడు. అరగంట ఇలా అయిపోయింది.

లాప్‌టాప్‌లో మళ్లీ కాల్ వచ్చింది. ఈసారి ఆవిడ ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు వెళ్లిపోతోంది. డ్యూటీల గురించి, సెలైన్ల గురించి, రాత్రి షిఫ్టుల గురించి అడిగారు. కొన్ని వాక్యాలు తప్పులే, అయినా ఎక్కడా ఆగలేదు. చివరికి ఆవిడ నవ్వి, సోమవారం వచ్చి చేరమని చెప్పి, ఇంగ్లీషు ఎవరు నేర్పారని అడిగింది. నేను అప్రయత్నంగా చొక్కా సర్దుకున్నాను. సిస్టరమ్మ తడుముకోలేదు. "మై మదర్, మేడమ్" అంది.

కాల్ అయిపోయింది. మదర్ అన్న ఒక్క మాట మాత్రం పెద్దమ్మకు పట్టుబడింది. కంగారుగా నా దగ్గరకొచ్చి, "నా గురించేటన్నాది బాబూ?" అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు దుర్బుద్ధి పుట్టింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. మాస్టారు బాగా నేర్పారని చెప్పిందన్నా నమ్మేస్తుంది, పైగా దండం కూడా పెడుతుంది. ఇన్నాళ్లూ బీరువాలో తుమ్మింది నేను కదా! సిస్టరమ్మ నావైపే చూస్తోంది. గొంతు సవరించుకున్నాను, నీళ్లు తాగాను, ఆఖరికి, "ఇంగ్లీషు నువ్వే నేర్పావని చెప్పింది పెద్దమ్మా" అన్నాను.

"దీనికి మతి పోనాదేటి? నాకు ఏబీసీడీలు రావు గదా! ఆల్లు నమ్మీసేరేటి?" అని ఉద్యోగం ఎక్కడ పోతుందోనని హడలిపోయింది పెద్దమ్మ. నమ్మేశారని చెప్పాను. పెద్దమ్మ గంప మీద గుడ్డ తీసి దులిపి, మడత పెట్టి, మళ్లీ విప్పి మడత పెట్టింది.

ఆ తర్వాత రెండు రోజులు నేను అలిగి పాఠాలు ముట్టుకోలేదు. మూడో రోజు కూర్చుని ఇరవై నాలుగింటిలోనూ ఇంట్రోలు కోసేశాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్నో వాక్యాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చాను గానీ, పెద్దమ్మకు చెప్పిన ఆ చిన్న వాక్యానికి పడ్డంత అవస్థ ఎప్పుడూ పడలేదు. చొక్కా సర్దుకుని తన పేరు కోసం ఎదురుచూసిన ఆ కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, వెంటనే జాలేస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని, నీళ్లు తాగి ఆలస్యం చేస్తే చేశావు గానీ నిజమే చెప్పావురా అని వీపు నిమరాలనిపిస్తుంది.