వదిన గీసిన క్రిములు

మా వదిన ఒకటో తరగతి టీచరు. మర్నాటి పాఠాన్ని ముందురోజు సాయంత్రం భోజనాల బల్ల దగ్గర నాకు చెప్పి చూసుకునేది. ఆరేళ్ళవాళ్ళు అడిగే పిచ్చి ప్రశ్నలన్నీ నేను అడగాలి. ఆ పనికి వీణ్ణి మించినవాడు లేడని మా అన్నయ్య ఇచ్చిన సర్టిఫికెట్టు.

ఆ ఏడు ఆవిడకు ఆరోగ్యం పీరియడు బెంగ పట్టుకుంది. "చేతులు కడుక్కో, పళ్ళు తోముకో అని ఇంట్లో చెబుతూనే ఉంటారుగా! ఆ గంట లెక్కలకిచ్చేస్తాను" అన్నారట హెడ్మిస్ట్రెస్. వదిన బతిమాలితే, "సరే, గురువారం వచ్చి కూర్చుంటాను. నచ్చితే ఉంచుతాను" అన్నారట.

బుధవారం సాయంత్రం వదిన క్రిముల బొమ్మలు గీస్తూ కూర్చుంది. గుండ్రటి కళ్ళు, బూరె బుగ్గలు, బుర్ర మీద నాలుగు వెంట్రుకలు, బోసినవ్వు.

"కాస్త భయం వేసేలా గియ్యొద్దూ?" అన్నాను.

"రాత్రి పక్క తడిపితే వాళ్ళమ్మలు నన్ను తిడతారు. నువ్వూరుకో మరిదీ."

పిల్లల అరచేతుల్లో రంగు పెన్నుతో ఆ క్రిములను గియ్యాలి, అవి పోయేదాకా వాళ్ళు సబ్బుతో రుద్దుకోవాలి. అదీ ఆవిడ వేసుకున్న పథకం.

గురువారం గియ్యడం దాకా బ్రహ్మాండంగా సాగింది. కడుక్కోమనగానే పిల్లలంతా గుప్పిళ్ళు బిగించేశారు.

"నాది మంచి క్రిమి టీచర్, ఏం చెయ్యదు."

"నేను మా అమ్మకి చూపించాలి."

ఒక పిల్ల ఏకంగా ఏడుపు లంకించుకుంది. వెనక బెంచీలో హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. వదినకు ఏం తోచిందో, గొంతు తగ్గించి, "వీటికి మాత్రం అమ్మ ఉండదా? కాలవలో ఉంటుంది. పొద్దుటినుంచీ పిల్లలు ఇంటికి రాలేదని ఎదురుచూస్తోంది పాపం" అంది.

బిగించిన గుప్పిళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"మరి ఎలా వెళ్తాయి టీచర్?"

"నీళ్ళల్లో జారుకుంటూ. సబ్బు లేకపోతే జారలేవు."

అంతే, కుళాయిల దగ్గర ఒకటే తోపులాట. "నాదొకటి గోరు కింద ఉండిపోయింది, ఆగండ్రా!" అని ఒకడి కేక.

"క్రిముల్ని అమ్మ దగ్గరికి పంపడం ఏం సైన్సండీ?" అన్నారు హెడ్మిస్ట్రెస్.

"సైన్సు మూడో తరగతిలో వస్తుంది మేడమ్. ముందు గోళ్ళు శుభ్రపడనివ్వండి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఏ సంగతీ తేల్చకుండానే వెళ్ళిపోయారు.

భోజనాల గంట కొట్టగానే, ఎవరూ చెప్పకుండానే పిల్లలు మళ్ళీ కుళాయిల మీద పడ్డారు. ఈసారి బొమ్మలేమీ లేవు. "కనపడనివి కూడా ఉంటాయట, వాటికీ అమ్మ ఉంటుందిగా" అని పక్క క్లాసువాళ్ళను కూడా లాక్కొచ్చారు. కాసేపటికి హెడ్మిస్ట్రెస్ తన టిఫిను డబ్బా మూత తీసి, చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. ట్యాంకు ఖాళీ!

తడవని చేతులతోనే వదిన క్లాసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారట.

"పీరియడు ఉంచుతున్నానండీ. కానీ వచ్చేవారం పాఠం, కుళాయి కట్టెయ్యడం గురించి."

ఆ సాయంత్రమే వదిన బల్ల దగ్గర కుళాయి బొమ్మ మొదలుపెట్టింది. దానికి కళ్ళు మాత్రం పెట్టొద్దని దణ్ణం పెట్టాను.