కర్టెన్ రాడ్డుతో ఆరు వారాలు

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు గురుగ్రామ్‌లో నలభై రెండంతస్తుల టవరు ముందు రిపోర్టు చేశాను. చివరి అంతస్తు చూద్దామని తలెత్తితే టోపీ పడింది. పెట్టుకుని మళ్లీ చూశాను. మళ్లీ పడింది. ఎండ అప్పుడే నలభై ఆరు డిగ్రీల్లా ఉంది. నా నీడ నన్నొదిలేసి బేస్‌మెంటులోకి పోయింది.

పద్దెనిమిదేళ్లు సరిహద్దులో చేసి రిటైరైనవాణ్ని. సామగ్రి: లైసెన్సున్న నా సొంత డబుల్ బ్యారెల్, తూటాలు ఆరు, ఈల, మూడు కాళ్ల స్టూలు (నాలుగో కాలు ఇటుక). ఆర్డరు: ఏడు వారాలు తుపాకీతో కాపలా, ఆ తర్వాత నివాసుల ఓటింగు. తుపాకీ వద్దంటే నేనూ వద్దు.

కావాలన్నది నివాసుల సంఘం సెక్రటరీ అంకుల్. ఆయన మీసానికే రెండు ఫ్లాట్లు కావాలి. "ఆత్మరక్షణ మన హక్కు, ఫౌజీ! దొంగలు లైసెన్సు తీసుకుని వస్తారా?" అని హిందీలో గర్జించాడు.

వద్దన్నది ఆరో అంతస్తు లక్ష్మి, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ అమ్మాయి. "పిల్లలు ఆడుకునే కాడ తుపాకేంది అంకుల్? దొంగకన్నా నాకు దాన్ని చూస్తెనే భయమైతది."

మూడో రోజే ఎన్నికలు ప్రకటించారు. లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాలని హుకుం. అప్పజెప్పాను. సెక్రటరీ ఇంట్లోంచి కర్టెన్ రాడ్డు తెచ్చి నా తుపాకీ సంచిలో దూర్చాడు. "కిసీకో మత్ బోల్నా!" ఎవరికీ చెప్పొద్దట.

ఆరు వారాలు దాన్ని భుజాన వేసుకుని గస్తీ తిరిగాను. రెండో గేటు గార్డు వాకీటాకీలో పిలిచేవాడు.

"ఫౌజీ సాబ్, కోతులు. ఓవర్."

"ఎన్ని? ఓవర్."

"బెటాలియన్. ఓవర్."

సంచి చూపిస్తే బెటాలియన్ వెనుదిరిగేది. గుమ్మాల ముందు ఒక్క చెప్పు కూడా పోలేదు. "తుపాకీ మహిమ!" అని సెక్రటరీ లిఫ్టులో దొరికినవాళ్లందరికీ చెప్పాడు. రాడ్డు సంగతి పాపం ఆయనే మరిచిపోయాడు.

ఎన్నికలయ్యాయి. తుపాకీ తిరిగొచ్చింది. మర్నాడు పదకొండింటికి లాన్‌లో సెక్రటరీ కూతురి నిశ్చితార్థం. ఆయన డోలు వెంట గంతులేస్తూ నా దగ్గరికొచ్చాడు. "ఖుషీ కా మౌకా హై, ఫౌజీ! ఆకాశంలోకి ఒక్కటి పేల్చు. రేపు ఓటింగులో నీ నౌకరీ పక్కా!"

తూటా పెట్టాను. గొట్టం ఎత్తాను. పేల్చేముందు గుండు ఎటు పోతుందో చూడాలని మాకు నేర్పారు. చూశాను.

ఆకాశం లేదు. ఆరో అంతస్తు బాల్కనీ ఉంది. లక్ష్మి వాళ్లమ్మ సగం బయటికి వంగి, బట్టలారేసే స్టాండు మీద గుడ్డ పరిచి వడియాలు పెడుతోంది. పిండంటిన చెయ్యి సరిగ్గా నా గురిలో ఉంది. ఆమె కిందికి చూసింది.

"ఏం బిడ్డా, అన్నం తిన్నవా?"

"లేదమ్మా," అని తూటా తీసి జేబులో వేసుకున్నాను.

"క్యా హువా? తుపాకీ ఖరాబైందా?" అన్నాడు సెక్రటరీ.

"తుపాకీ బాగానే ఉంది సాబ్."

మర్నాటి మీటింగులో ఆయన మళ్లీ తుపాకీ మహిమ ఎత్తుకున్నాడు. నేను లేచి రాడ్డు తీసి బల్లమీద పెట్టాను. ఆయన భార్య కేక వేసింది. "అరే, ఇది మా బెడ్‌రూమ్ రాడ్డు! నెలన్నర నుంచి వెతుకుతున్నా!"

ఓటింగులో తుపాకీ ఓడిపోయింది. దానితోపాటు నేనూ. లక్ష్మి వాళ్లమ్మ ప్రయాణానికి వడియాలు మూట కట్టిచ్చింది.

మా ఊరు ఒంగోలు వచ్చేసి ఏడాదైంది. పళ్లెంలో వడియం పడితే చాలు, ఆ పిండి చెయ్యి కనిపిస్తుంది. నా కుడి చూపుడు వేలు ట్రిగ్గర్ వదిలినట్టు దానంతటదే నిటారుగా అయిపోతుంది. అది మళ్లీ వంగేదాకా అన్నం కలపలేను.